ఉబ్బిన బ్యాటరి

ఇంటిలోని వస్తువులు చాల మట్టుకు తమ దెబ్బను తామే చెప్పుకొనును. కుండ పగిలిన నీరు కారును. సైకిలు ట్యూబునకు రంధ్రము పడిన గాలి పోవును. గొడుగు చిల్లుపడిన తల తడియును. కాని కొన్ని వస్తువులు దెబ్బ తిన్న పిదపను మునుపటివలెనే పని చేయుచు, తమ గాయమును లోపల దాచుకొనును. అట్టివానిలో నొకదానిని గూర్చి యీ సంవత్సరము మేము నేర్చుకొన్న సంగతులను మా పత్రికా పాఠకులకు విన్నవింప గోరుచున్నాము. అది మా రేడియో కారులోని లిథియం పాలిమర్ బ్యాటరి.

రేడియో కారనగా, చేతిలోని పెట్టెనుండి వెలువడు రేడియో తరంగముల యాజ్ఞకు లోబడి పరుగెత్తు చిన్న బండి. మాది నిజమైన కారులో పదియవ వంతు పరిమాణము గలది. ఉన్నత తరగతుల విద్యార్థులము ఆరుగురము డబ్బు ప్రోగు చేసికొని దానిని కొంటిమి. శనివారము సాయంకాలములందు, ఆటస్థలము ఖాళీ యయిన పిమ్మట, మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులవారి యెదుట దానిని నడపుచుందుము. పండ్లచక్రముల లెక్కలు, తీగల నతుకుట, మోటారు విప్పి శుభ్రపరచుట మున్నగునవి మాకు దానివలననే యలవడినవి.

ఆ కారునకు ప్రాణము దాని బ్యాటరియే. అందు రెండు ఘటములు గలవు. ఒక్కొక్క దాని సగటు పీడనము 3.7 వోల్టులు, రెండును గలిసి 7.4 వోల్టులు. దాని సామర్థ్యము 5000 మిల్లీ ఆంపియరు గంటలు. ఒకనాడు ఉపాధ్యాయులవారు మాచేత లెక్క కట్టించిరి. 7.4ను 5చే గుణించిన 37 వాట్ గంటలు. అనగా 1,33,200 జౌళ్లు. 50 కిలోగ్రాముల బరువు గల బాలుని 270 మీటర్ల యెత్తునకు లేవనెత్తుటకు ఆ శక్తి చాలును. ఢిల్లీలోని కుతుబ్ మినారు ఎత్తు సుమారు 73 మీటర్లు మాత్రమే. అంత శక్తి మన కలముల పెట్టె యంతటి డబ్బాలో నిమిడియున్నదని తెలిసిన దినము మొదలు మేము దానిని రెండు చేతులతో పట్టుకొనుట నేర్చితిమి.

ఈ జాతి బ్యాటరీల చరిత్రము దీర్ఘమైనది కాదు. 1980లో ఆక్స్‌ఫర్డునందు జాన్ గుడెనఫ్ గారు లిథియం కోబాల్టు ఆక్సైడు ఇందుల కక్కరకు వచ్చునని చూపిరి. 1985లో జపానునందు అకీరా యోషినో గారు భద్రముగ వాడదగిన రూపమును కల్పించిరి. 1991లో నివి అంగడికి వచ్చినవి. ఈ యిరువురకును, వీరికి ముందు దారి చూపిన స్టాన్లీ విటింగ్‌హామ్ గారికిని 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మొసగబడినది.

ఘటము లోపలి నిర్మాణము వినదగినది. రాగిరేకుపై గ్రాఫైటు పూత యొకవైపు. అల్యూమినియపు రేకుపై లిథియము గల ఆక్సైడు పూత వేరొకవైపు. ఈ రెండును తాకకుండ నడుమ వెంట్రుకకంటెను పలుచనైన ప్లాస్టికు అడ్డుపొర. వీనినన్నిటిని తడుపుచు నొక ద్రవ ముండును. ఆ ద్రవము నిప్పంటుకొను స్వభావము గలది. చేతిదీపపు ఘటమునకు వలె దీనికి గట్టి లోహపు తొడుగు లేదు. మెత్తని సంచియే యున్నది. కావుననే ఇది తేలిక. కావుననే ఇది సుకుమారము. కారులకై యమ్మువానిలో కొన్నింటికి పైన గట్టి ప్లాస్టికు డబ్బా తొడుగుదురు. మాది యట్టిదే.

ఇట్టి ఘటము చెడుటకు ముఖ్యముగ నాలుగు కారణములు గలవు. మొదటిది మితిమీరిన చార్జి, ఘటము 4.2 వోల్టులు దాటరాదు. రెండవది మితిమీరి ఖాళీ చేయుట. 3 వోల్టులకు దిగువకు మిక్కిలి పోనిచ్చినచో రాగిరేకునుండి రాగి ద్రవములో కరగి, మరల చార్జి చేయునప్పుడు వేరొకచోట పేరుకొని, అడ్డుపొరను దాటవచ్చును. మూడవది వేడి, మన వేసవిలో తలుపులు మూసిన మోటారు కారులో నుంచిన బ్యాటరి పడు బాధ మన యూహకందదు. నాలుగవది దెబ్బ. ఏ కారణమున నైనను లోపలి ద్రవము చెడి వాయువులు పుట్టినచో సంచి ఉబ్బును. ఉబ్బు అనునది ఆ మూగవస్తువు పలుకగలిగిన యొకే యొక మాట.

సంక్రాంతి సెలవుల పిదప నొక శనివారమున, వేగముగ పోవుచున్న కారున కడ్డముగ కుక్క యొకటి పరుగెత్తుకొని వచ్చెను. దానిని తప్పింపబోగా కారు వసారా రాతిమెట్టును గట్టిగ తాకినది. చట్రము వంగినది. బ్యాటరి డబ్బా మూల పగిలినది. పొగ లేదు, వాసన లేదు. కొలిచి చూడగా రెండు ఘటములును 3.85 వోల్టుల వద్ద సమానముగ నున్నవి. పాఠశాల వార్షికోత్సవమునకు పదిదినములే గడువు. ఆనాడు తల్లిదండ్రుల యెదుట కారు నడపవలెనని మా కోరిక. కొత్త బ్యాటరి కొనుటకు మాయొద్ద పైకము లేదు. పాతదాని వెలలో మాలో చిన్నవాని పండుగ డబ్బు యావత్తు గలదు.

ఉపాధ్యాయులవారు బ్యాటరిని విడదీయించి, ఆటస్థలము నడుమ ఇటుకలపై పెట్టించి, మమ్ము దూరముగ కూర్చుండబెట్టిరి. "ఇప్పుడేమియు కాలేదనుట, రేపు కాదనుటకు సాక్ష్యము కాదు" అని వారు పలికిరి. మరునాటి ఉదయమున ఒక ఘటము 3.84 వోల్టులు చూపెను, రెండవది 3.79. మూడవనాడు రెండవది 3.71కి దిగినది. పగులులోనుండి చూడగా దాని సంచి కొంచెము పొంగియున్నది. తీగలు దేనికిని తగిలింపలేదు. మరి ఆ శక్తి యెక్కడికి పోయినది? అది లోలోపలనే, అడ్డుపొర నలిగిన చోటనుండి కారుచు, వేడిగ మారుచున్నది.

అప్పుడు మాలో వాదము పుట్టినది. "కారు నడచునది పావుగంటయే గదా! ఆ యొక్కనాటికి వాడి పిమ్మట పారవేయుదము" అని యొకరు. "పనిచేయు వస్తువును పారవేయుట దుబారా" అని మరియొకరు. పట్టణమందలి మరమ్మతు దుకాణమువా డొకడు, సూదితో పొడిచి గాలి తీసి పట్టీ అంటించిన సరిపోవునని సలహా చెప్పెను. ఉపాధ్యాయులవారు దానికి ససేమిరా యొప్పుకొనలేదు. సూది దిగిన రెండు పొరలును ఏకమగును. గాలిలోని తేమ లోపలికి పోవును. ఉబ్బు పోయినను రోగము పోదని వారు వివరించిరి.

వారు మరియు చెప్పిన దేమనగా: లోపలి వేడి పెరిగి సుమారు 130 డిగ్రీల సెంటీగ్రేడునకు వచ్చుసరికి పాలిథీను అడ్డుపొర కరగిపోవును. అంతట రెండు పూతలును తాకి మరింత వేడి పుట్టును. ఇంకను వేడెక్కిన ఆక్సైడు తనలోని ప్రాణవాయువును విడుచును. ఇట్లు నిప్పునకు వలసిన ఇంధనము, ప్రాణవాయువు, వేడి యను మూడును ఘటము లోపలనే దొరకును. అందుచే గుడ్డ కప్పిన నారదు. దాని పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడు వంటి విషవాయువు లుండును. ఈ భయముచేతనే 2016 ఏప్రిల్ 1వ తేదీ మొదలు ప్రయాణికుల విమానములలో లిథియం అయాన్ బ్యాటరీలను సరకుగ పంపుటను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించినది.

ఇంత విన్నను మాలో కొందరి మనస్సు వార్షికోత్సవముపైననే యుండెను. వాదమును ముగించినవాడు మాలో చిన్నవాడు. బ్యాటరిని చార్జి చేయుట అతని యింటనే జరుగుచుండెను. "అన్నా, ఆ ప్లగ్గు మా నానమ్మ మంచము ప్రక్కన ఉన్నది. నేను పెట్టను" అని మాత్రమే యనెను. అతని పండుగ డబ్బు ఆ మాటతో పోయినది. ఆ పిమ్మట నెవ్వరును మారు పలుకలేదు.

పారవేయుదమన్న నెచ్చట? ప్రతిదినము తడిచెత్త పొడిచెత్త వేరుగ తీసికొనిపోవు పారిశుద్ధ్య కార్మికురాలిని అడిగితిమి. "అమ్మా, ఇట్టివి మీ బండిలో వత్తురా?" అనగా నామె నవ్వి, "సంచిలో ఏముందో మాకెట్లా తెలుస్తుంది బాబూ? మీరు కట్టి ఇస్తారు, మేము ఎత్తుకుపోతాం" అనెను. ఆ చెత్తను ఆమె చేతులతో వేరు చేయును. పిమ్మట లారీలో దానిని అదిమి కుక్కుదురు. మేము భయపడి విడిచిన వస్తువును, భయపడవలెనని కూడ తెలియని మనిషి చేతిలో పెట్టుట న్యాయమా? పొదుపు, దుబారా యని మేము చేసిన వాదములో ఈమె లెక్కకే రాలేదు.

కావున వేరు మార్గము పట్టితిమి. ఉపాధ్యాయులవారు ఆరుబయట ఇటుకలపై బ్యాటరికి మోటారు సైకిలు చిన్నదీపము నొకదానిని తగిలించి, అది పూర్తిగ ఆరిపోవువరకు కాచియుండిరి. ఉప్పునీటిలో ముంచుట మంచిదని కొందరందురు గాని, అందు తీగల కొసలు తుప్పుపట్టి, లోపలి శక్తి మిగిలిపోవచ్చును. పిదప కొసలకు వేరువేరుగ పట్టీ చుట్టి, ఇసుక పోసిన రేకు డబ్బాలో మూత బిగింపక పెట్టి, పట్టణమందలి ఎలక్ట్రానిక్ వ్యర్థముల సేకరణ కేంద్రమున కప్పగించితిమి. మన దేశమున 2022వ సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు ఇట్టివానిని ఇతర చెత్తతో కలుపరాదని వాడుకరులకు విధించుచున్నవి; తిరిగి సేకరించు బాధ్యతను ఉత్పత్తిదారులపై నుంచుచున్నవి.

వార్షికోత్సవమునాడు మా కారు బల్లపై కదలక నిలిచినది. చూడవచ్చిన తల్లిదండ్రులు "ఏల నడపలేదు?" అని యడిగిరి. మేము చెప్పితిమి. విన్నవారిలో ముగ్గురు, తమ యింట బీరువా సొరుగులో ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరి పడియున్నదని చెప్పి, దాని నేమి చేయవలెనని యడిగిరి. ఈ వ్యాసము వ్రాయుట కదియే కారణము.

చదువరులారా! మీ యింట ఆటబండియో, సెల్‌ఫోనో, విద్యుత్ స్కూటరో యుండనే యుండును. ఉబ్బినదానిని, గట్టిగ దెబ్బ తిన్నదానిని మరల చార్జి చేయకుడు, పొడువకుడు, నొక్కకుడు. మంచము ప్రక్కను, వంటింటను, గుమ్మమున కడ్డముగను చార్జి పెట్టకుడు, పెట్టి నిద్రింపకుడు. రేడియో కారు బ్యాటరిని వాడని దినములలో ఘటమునకు 3.8 వోల్టుల దరిదాపున నుంచి, చల్లని చోట దాచుడు. నిప్పంటుకొన్నచో ముందు మనుష్యులు బయటికి రావలెను, పొగ పీల్పరాదు. ఇసుక మంట ప్రాకకుండ నాపును గాని వేడిని తీయదు. దూరమునుండి సమృద్ధిగ పోసిన నీరు వేడిని తీయును. అగ్నిమాపక దళమునకు 101 సంఖ్యకు ఫోను చేయుడు.

ఈ సెలవులలో ఒక్కమారు మీ యింటి సొరుగులు తెరచి చూడుడు. ఉబ్బినది కనబడినచో పెద్దలకు చూపి, సేకరణ కేంద్రమునకు చేర్పించుడు. అంతవరకు దానిని ఇంటి వెలుపల, ఎండ తగులని చోట, రేకు డబ్బాలో నుంచుడు. చెత్తసంచిలో మాత్రము వేయకుడు.