యరమరస్‌లో ఒక కొలత

రాయచూరు నుంచి హైదరాబాదు బాట పట్టినవారికి కొద్దిసేపటిలోనే యరమరస్ తగులుతుంది. 1956 నవంబరు 1 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే గనుక ఇక్కడ తెలుగు మాట వినబడడంలో వింత లేదు. పైగా తుంగభద్ర కాలువలు పారిన తరువాత జిల్లాలో మనవారి క్యాంపులు ఎన్నో వెలిశాయి.

నేడు యరమరస్ అనగానే అందరూ చెప్పేది థర్మల్ కేంద్రం సంగతి. కర్ణాటక పవర్ కార్పొరేషనూ, భెల్ సంస్థా కలిసి నెలకొల్పినది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున రెండు యూనిట్లు.

మొన్న అటు వెళ్ళినప్పుడు నేనెక్కినది కరెంటు ఆటో. నడిపే పెద్దాయన నాతో తెలుగూ, దారిన పోయేవారితో కన్నడమూ మాట్లాడుతున్నాడు. బండి సంగతి అడిగాను.

"రాత్రంతా చార్జింగు పెట్టినా మధ్యాహ్నానికే నీరసపడేది సార్. షాపులో నాలుగు బ్యాటరీలూ మార్చమన్నారు. నాలుగూ కొంటే ఇంట్లో పొయ్యి వెలగదు. మీటరు తెప్పించి కొలిపించాను."

ఇటువంటి ఆటోలో 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపి ఉంటాయి, మొత్తం 48. చార్జింగు తీసి కొన్ని గంటలు ఊరక ఉంచిన తరువాత మంచి బ్యాటరీ సుమారు 12.7 చూపాలి. ఆయన బండిలో మూడు అట్లాగే చూపాయి, నాలుగవది 10.6. అన్నీ కలిపి కొలిస్తే 48.7 వస్తుంది, చూసేవారికి లోపమే తోచదు. ఒక్కొక్కటి విడిగా కొలిస్తేనే దొంగ దొరుకుతాడు. బ్యాటరీలో రెండేసి వోల్టుల గదులు ఆరుంటాయి. అందులో ఒకటి చచ్చిపోయిందన్నమాట. దాని వాటా చార్జింగు కూడా తక్కిన గదుల మీదనే పడి, అవి వేడెక్కి నీరు కోల్పోతాయి. ఉపేక్షిస్తే మంచి మూడూ చెడతాయి.

కొత్తదానిని పాతవాటితో జత కలిపితే అదీ త్వరగా దిగజారుతుంది. అందుకని అదే రకం, ఇంచుమించు అదే వయసున్నది ఒకటి వెతికి వేయించాడట. ఇప్పుడు సాయంత్రం దాకా బండి నడుస్తున్నది.

మన ఇండ్లలోనూ కరెంటు బండ్లు చేరుతున్నాయి. డిస్టిల్డు వాటరు పోసే బ్యాటరీలను గాలి ఆడేచోటనే చార్జింగు పెట్టాలి. నిప్పు దగ్గరకు రానీయరాదు. కార్ల బ్యాటరీలలో 300, 400 వోల్టులు ఉంటాయి గనుక వాటి జోలికి మనం పోరాదు; తెలిసిన మెకానిక్కే చూడాలి. ఆటోవంటి చిన్న బండికైతే, నాలుగూ మార్చమన్నప్పుడు ముందుగా నాలుగింటినీ విడివిడిగా కొలిపించండి.