అమ్మ కథ: 1.6

ఆవకాయ జాడీకి చీటీ కట్టడం మన ఆడవాళ్ళకి తెలిసిన విద్యే. ఏ యేటిదో, ఎవరు కలిపారో దాని మీద ఉంటుంది. కాగితాల దగ్గరికొచ్చేసరికి ఆ శ్రద్ధ ఏమవుతుందో! ‘కొత్తది’, ‘సరికొత్తది’, ‘ఇదే ఆఖరుది’ అన్న పేర్లతో ఒకే రాత కంప్యూటర్లో నాలుగుచోట్ల ఉండని ఇల్లుంటే చెప్పండి.

పూర్వం తాటాకు మీద కావ్యం ఎత్తిరాసిన లేఖకుడు చివర్న సంవత్సరం, మాసం, తిథి, తన పేరు చెప్పుకునేవాడు. తప్పులుంటే మన్నించమని పెద్దల్ని వేడుకునేవాడు. అయితే ప్రభవ, విభవ అరవయ్యేళ్ళకోసారి తిరిగొస్తాయి కనక, శకసంవత్సరం వేయకపోతే ఆ ప్రతి తాతనాటిదో మనవడినాటిదో తేలదు.

ఇప్పుడా పని యంత్రం చేస్తుంది. సాతంరాయిలో ఉండే మా మేనకోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. శంషాబాద్ విమానాల మోత మధ్య నాకు ఆర్‌సీఎస్ అనే పాత ప్రోగ్రామ్ నేర్పింది. 1980ల మొదట్లో అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిచీ తయారుచేశాడట. తను ఆఫీసులో వాడేది 2005లో వచ్చిన గిట్. అది ఫైల్లో తేదీ, పేరూ వేయదు. అందుకని నాకు ఈ పాతదే నయమంది.

ఫైల్లో ఓ చోట రెండు డాలర్ గుర్తుల మధ్య ‘ఐడీ’ అని రాస్తే చాలు. దిద్దింది దాచి మళ్ళీ బయటికి తీసినప్పుడల్లా అక్కడ ఫైలు పేరు, ఎన్నో ప్రతో ఆ అంకె, తేదీ, గంట, దాచినవాళ్ళ పేరు తనే వేసేస్తుంది. అచ్చుతీసి ఎవరికిచ్చినా ఆ వరస వెంటే వెళుతుంది. పాత ప్రతులూ లోపల పదిలం. గంట మాత్రం ప్రపంచ కాలమానంలో వేస్తుంది. మనకి పొద్దున్న ఆరున్నరైతే దానికి అర్ధరాత్రి దాటి ఒంటిగంట!

అమ్మ తన కథ చెబుతుంటే రాసుకున్నదంతా ఇందులో పెట్టాను. అప్పుడప్పుడు చదివించుకుని మార్పులు చెప్పేది. 1.4లో పిన్ని మీద కోపంతో చెప్పిన ఒక పేరా ఉంది, పెళ్ళినాటి గొలుసు గొడవ. 1.5లో అది లేదు. 1.6లో ఆ గొలుసు తనే ఇచ్చానని చెప్పింది. ఆ తర్వాత ప్రతి లేదు. అమ్మ పోయింది.

పుస్తకం వేయబోతుంటే పిన్ని కూతురొచ్చి రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకు చదివింది.

“అక్కా, ఈ మార్పు పెద్దమ్మదా, నీదా?”

ఏం చూపించను? అన్ని వరసల్లోనూ నా పేరే! టైపు చేసిందెవరో యంత్రానికి తెలుసుగాని చెప్పిందెవరో దానికేం తెలుసు? ఆ తాటాకు లేఖకుడూ తన పేరే రాసుకున్నాడు మరి.

మేనకోడలే అందుకుంది. “అత్తయ్యా, దాచేటప్పుడల్లా ఏం మారిందో ఓ మాట రాయమని అడుగుతుందిగా. అవి చూడు.”

చూశాం. 1.5 దగ్గర: “అమ్మ తీసెయ్యమంది. ‘పాపం, దానికీ పిల్లలున్నారే’ అంది.” 1.6 దగ్గర: “అమ్మ రెండుసార్లు చదివించుకుంది. ‘ఇలాగే ఉంచు’ అంది.”

పిన్ని కూతురు చాలాసేపు మాట్లాడలేదు. 1.6నే అచ్చుకివ్వమంది. తనకి మాత్రం 1.4 కూడా ఓ కాపీ కావాలంది. తీసిచ్చాను. మడిచి హాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది.