వెనక సీటు లేని కారు

కారు అమ్మేస్తున్నానంటే మా ఆవిడ నమ్మలేదు. ‘ఏ పార్టు?’ అని అడిగింది. ఆమె తప్పేం లేదు. పన్నెండేళ్లుగా ఆ కారు మాటెత్తానంటే ఏదో ఒకటి కొన్నట్టే లెక్క మరి!

అది 1997 మోడల్ కాంటెస్సా. హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చి, 2002లో ఆపేసిన బండి. అంబాసిడర్ల కాలంలో పెద్దింటి కారు. నేను మాత్రం హోదా కోసం కొనలేదు. దాని ఇసుజు ఇంజిన్ తిప్పేది వెనక చక్రాల్ని. డ్రిఫ్టింగ్‌కి కావాల్సింది అదే. మలుపులో వెనక చక్రాలు పట్టు వదిలి పక్కకి జారతాయి. అప్పుడు స్టీరింగ్‌ని ఎదురు దిక్కుకి తిప్పి, యాక్సిలరేటర్‌తో ఆ జారుడుని అలాగే నిలబెట్టాలి. వినడానికి ఇంతే. నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు, పద్నాలుగు టైర్లు ఖర్చయ్యాయి.

మా నాన్న ముప్ఫై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపారు. ‘బండి జారిందంటే డ్రైవరు తప్పు చేసినట్టురా. నువ్వు డబ్బులు పెట్టి మరీ జారిస్తున్నావు’ అనేవారు. ఒక్కసారి మాత్రం నాతో చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వచ్చారు. 3.7 కిలోమీటర్లు చుట్టొచ్చి ఆగితే, ‘ఇంజిన్ వెంటనే ఆపకు, కాస్త చల్లబడనీ’ అన్నారు. ఆయన దగ్గర అది మెచ్చుకోలే.

ఆ తర్వాత మరీ రెచ్చిపోయాను. మామూలుగా మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరుగుతాయి. రెండూ కలిసి తిరగాలని డిఫరెన్షియల్‌ని వెల్డింగ్ చేయించాను. లోపల ఇనుప పైపులతో రోల్‌కేజ్ కట్టించాను. బరువు తగ్గాలని డ్రైవరు సీటు తప్ప అన్నీ పీకించాను. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక రోడ్డెక్కించడం మానేశాను. ఏడాదికి రెండుసార్లు లారీ మీద ట్రాక్‌కి వెళ్లి రావడం, మిగతా రోజులు కవరు కింద పడుకోవడం... అదీ దాని బతుకు.

పోయిన వానాకాలంలో ఓ అర్ధరాత్రి నాన్నకి ఛాతీలో నొప్పి వచ్చింది. జోరువాన. క్యాబ్ దొరకలేదు. కింద కారుంది. అందులో ఉన్నది ఒక్కటే సీటు! చివరికి పక్కవీధి ఆటో అతన్ని లేపి తీసుకెళ్లాం. సమయానికి చేరాం కాబట్టి సరిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక నాన్న ఆ మాటే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

నెల తిరక్కుండా అమ్మకానికి పెట్టాను. కొన్నది డెబ్భైవేలకి, పెట్టింది ఐదు లక్షల పైనే. పాత కార్లు సేకరించే ఒకాయన చూసి, ‘ముట్టుకోకుండా ఉంచుంటే మంచి రేటొచ్చేది కదండీ’ అన్నాడు. పెట్టిన ఖర్చే ధర తగ్గిస్తుందని అప్పుడు తెలిసింది.

తర్వాత ఓ కుర్రాడొచ్చాడు. పంతొమ్మిదేళ్లుంటాయేమో. బేరమే ఆడకుండా రెండున్నర లక్షలన్నాడు. ‘రాత్రిపూట రింగురోడ్డు మీద తిప్పొచ్చు కదన్నా?’ అనడిగాడు. ఆ డబ్బుతో నాన్న ఆస్పత్రి బిల్లు తీరిపోయేది. నిజం చెప్పొద్దూ, ఒక నిమిషం నోరు మెదపలేకపోయాను. తర్వాత అమ్మనని చెప్పేశాను. ఆ రోడ్డు మీద ఎదురుగా ఎవరి నాన్న వస్తుంటాడో!

మూడోవాడు కోయంబత్తూరులో గ్యారేజీ నడిపే తెలుగాయన. ఫార్ములా మారుతి కార్లు తయారు చేసిన కరివర్ధన్ పేరుతో అక్కడ 2003 నుంచి కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. దాని మీద తిప్పడానికే అడిగాడు. టార్చిలైటు పట్టుకుని కారు కింద దూరి అరగంట దాకా బయటికి రాలేదు. వచ్చాక రెండు లక్షల పదివేలకి ఖాయం చేసుకున్నాం. 

లారీ ఎక్కిస్తుంటే నాన్న బాల్కనీలోంచి చూశారు. ‘తాడు గట్టిగా కట్టారా?’ అని మాత్రం అడిగారు.

నేను పీకేసిన వెనక సీటు ఆ బాల్కనీలోనే ఉంది. రోజూ దాని మీద కూర్చునే నాన్న పేపరు చదువుతారు. పక్కన మా ఆరేళ్ల పాప కూర్చుని, లేని స్టీరింగ్ తిప్పుతూ ‘తాతయ్యా, ఎక్కడికెళ్దాం?’ అంటుంది.

వచ్చేవారం సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తున్నాం. నలుగురం.