గడీలోని దాసీపుత్రుడు

పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో పాడువడిన గడీలను చూచినప్పుడెల్ల మాకు ఆడబాపలు జ్ఞప్తికి వత్తురు. దొరసానితో అరణముగా పంపబడిన దాసీలు వీరు. వీరియందు దొరలకు గలిగిన కుమారులకు తండ్రి యింటిపేరు లేదు, భూమిలో పాలు లేదు. కన్నతండ్రి వారికి దొరయే కాని తండ్రి కాడు.

ఇది శాస్త్రసమ్మతమందురా? దాసీపుత్రుడగు విదురునకు సింహాసనము దక్కకున్నను, కురుసభలో ధర్మము పలుకు స్థానము దక్కెను. శూద్రునకు దాసియందు గలిగిన పుత్రునికి, తండ్రి మరణానంతరము సోదరులు అర్ధభాగ మీయవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించెను. గడీ యీపాటి న్యాయమునైనను పాటింపలేదు.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఇట్టి బిడ్డను మైనారిటీ తీరువరకు పోషించు భారము తండ్రిపై నుంచెను. ఆ యేటి వారసత్వ చట్టమో, వానికి తల్లితోడనే బంధుత్వమనెను. 1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల రైతుకూలీలు లేచినపుడు పలువురు దొరలు గడీలు విడిచి పట్టణములు చేరిరి. దొరలు పోయిరి, నింద మాత్రము ఊరిలోనే నిలిచెను.

బిడ్డ పుట్టుకనెంచి నవ్వు లోకము తండ్రి నేల నిలదీయదు? 'అక్రమ సంతాన'మను మాటను మనము విడువవలెను. అక్రమము దొరది, బిడ్డది కాదు.