తూర్పు దారి పట్టిన మబ్బు

2022 మే నెల. శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథమొకటి కొట్టుకొచ్చింది. అసని తుపాను అలల మీద ఏ దేశం నుంచి వచ్చిందో ఏమో... చూడ్డానికి జనం తిరునాళ్లకు వెళ్లినట్టు వెళ్లారు. టీవీల్లోనూ అదే సందడి. ఆ హడావుడిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి ఇంకోటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే భూమధ్యరేఖకు అవతల, దక్షిణ హిందూ మహాసముద్రంలో మరో తుపాను తిరుగుతోంది. దాని పేరు కరీం. అసనిది అపసవ్య దిశ అయితే కరీంది సవ్య దిశ. అద్దంలో బొమ్మలా ఉంటాయి రెండూ. అందుకే వీటిని కవల తుపాన్లు అంటారు.

కవలలన్నాక కన్నతల్లి ఉండాలిగా! ఉంది. అది ఓ అల. నీళ్లలో అల కాదు, గాలిలో అల. వేల కిలోమీటర్ల మేర పరచుకున్న మబ్బుల గుంపు హిందూ మహాసముద్రంలో పుట్టి, భూమధ్యరేఖ వెంట తూర్పుగా సాగిపోతుంది. వేగం గంటకు 18 కిలోమీటర్లకు అటూఇటూ... సైకిలు కాస్త జోరుగా తొక్కే కుర్రాడితో సమానం. అంత పెద్ద మబ్బుకి ఇంత నింపాది నడకేంటో అనిపిస్తుంది. ఇండోనేసియా దీవుల దగ్గర ఒక్కోసారి చతికిలపడుతుంది. దాటగలిగితే పసిఫిక్‌ చేరుతుంది. అక్కడ మబ్బులు చెదిరిపోయినా గాలి అల మాత్రం వేగం పెంచుకుని భూమిని చుట్టేస్తుంది. ఒక చుట్టు పూర్తవడానికి 30 నుంచి 60 రోజులు.

దీన్ని కనిపెట్టింది సముద్రం ఒడ్డున కాదు, కొండల కింద. అమెరికాలోని కొలరాడోలో రాకీ పర్వతాల పాదాన ఉన్న వాతావరణ పరిశోధన కేంద్రంలో రోలండ్‌ మాడెన్‌, పాల్‌ జూలియన్‌ పనిచేసేవారు. పసిఫిక్‌ మధ్యలోని కాంటన్‌ అనే పగడపు దీవి నుంచి బెలూన్లు ఎగరేసి నమోదు చేసిన గాలి లెక్కలు దాదాపు పదేళ్లవి వాళ్ల చేతికొచ్చాయి. కంప్యూటర్‌లో వేసి చూస్తే గాలి దిశ, పీడనం 40-50 రోజులకోసారి ఒకే వరసలో మారుతున్నట్టు తేలింది. 1971లో ఆ విషయాన్ని ప్రకటించారు. రేపటి వాన లెక్కేసేవారికీ అది అందదు, ఏడాది మొత్తం చూసేవారికీ అందదు. మధ్యలో జారిపోతుంది. అందుకే అన్నాళ్లు దాక్కోగలిగింది. ఇప్పుడు దాన్ని ఆ ఇద్దరి పేర్లతోనే మాడెన్‌-జూలియన్‌ ఆసిలేషన్‌ అంటున్నారు. పొట్టిగా ఎంజేఓ.

మరి తుపాన్లు ఎలా పుడతాయి? మబ్బుల గుంపు ఉన్నచోట గాలి పైకి లేస్తుంది. దాని ముందు తూర్పు గాలులు వీస్తే, వెనక పడమటి గాలులు ఉరుకుతాయి. భూమధ్యరేఖ మీద పడమటి గాలి జోరుగా, దానికి అటూ ఇటూ నెమ్మదిగా వీచినప్పుడు రెండు పక్కలా సుడులు మొదలవుతాయి. రెండు అరచేతుల మధ్య కవ్వం తిరిగినట్టే. కింద సముద్రం వేడిగా ఉండి, పై గాలులు అడ్డురాకపోతే ఆ సుడి తుపానవుతుంది. 2022లో దక్షిణాన పుట్టిన కరీం ఏ తీరాన్నీ తాకకుండా నడిసంద్రంలోనే చల్లారింది. అసని మాత్రం తీవ్ర తుపానుగా మారి, బలహీనపడి, మే 11న మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం తాకింది. వేట నిషేధ కాలం కాబట్టి మరపడవలు ఒడ్డునే ఉన్నాయి. అదో అదృష్టం.

తుపాను ఎప్పుడో వచ్చే చుట్టం. ఎంజేఓ అసలు ప్రతాపం వానాకాలంలో చూడాలి. భూమధ్యరేఖ దగ్గరి మబ్బులు వేసవి తర్వాత కొన్ని వారాలకోసారి ఉత్తరంగా మన నేల మీదికి కదులుతాయి. ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని ఈ సంగతి 1980లో చెప్పినవాళ్లు మనవాళ్లే... డి.ఆర్‌.సిక్కా, సులోచనా గాడ్గిల్‌. ఈ కదలికకూ ఎంజేఓకూ దగ్గరి చుట్టరికం. మబ్బు పట్టు మనవైపు ఉంటే వానలు, అవతలికి పోతే ఎండ.

మృగశిరలో నాలుగు చినుకులు పడగానే పత్తి గింజ పెట్టే రైతుకి ఈ ఎండే ప్రాణసంకటం. మూడు వారాలు ఆకాశం ముఖం చాటేస్తే మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనాలు, మళ్లీ కూలి, మళ్లీ అప్పు. విత్తనం కొట్టువాడు రెండోసారి తక్కువకేమీ ఇవ్వడు కదా! భారత వాతావరణ విభాగం ప్రతి గురువారం రాబోయే నాలుగు వారాల అంచనా విడుదల చేస్తోంది. ఎంజేఓ ఎక్కడుందో అందులో చూసి చెబుతారు. ఊరి పేరు పెట్టి ఫలానా రోజు వాన అని చెప్పడం దాని వల్ల కాదు. మొదటి రెండు వారాల మాట మీద ఉన్నంత నమ్మకం నాలుగో వారం మీద ఉండదు కూడా. అయినా, చేతిలో విత్తనాల సంచి పట్టుకుని గట్టు మీద నిలబడిన మనిషికి కావాల్సింది పంచాంగమంత జోస్యం కాదు... ఇవాళ విత్తాలా, పది రోజులు ఆగాలా, అంతే.