ఎవరి బాకీ?

కడపలో మేము బాడుగకుండే ఇంటికి మాకంటే ముందున్న మనిషి పేరు మీద అప్పుల నోటీసులు వస్తానే ఉన్నాయి. పేరు చివర పెద్దకులం తోక, పేరు ముందర 'శ్రీ'. బాకీపడి కనపడకుండా పోయినా ఆయన్ను కాగితం మర్యాదగానే పిలుస్తుంది.

మా నాయనకు అట్లాంటి కాగితం ఒక్కటీ రాలేదు. మాది కర్నూలు జిల్లాలో కె.సి. కాలువ నీళ్లు అందని మెట్టపల్లె. మా మేనత్త పెండ్లికని జేజినాయన కాపు దగ్గర రెండు మూటల జొన్నలు, కొంత రొక్కం తెచ్చినాడు. దానికింద మా నాయన పదేండ్లకే జీతానికి కుదిరినాడు. జేజినాయన సచ్చినా బాకీ సావలేదు. పద్దు రాసేది కాపే, సదివేది కాపే. "ఏమిరా, మీ నాయన బాకీ యాడికి పాయ?" అని మాదిగవాడ మొదట్లో నిలబడి అరిస్తే అదే మాకు నోటీసు.

వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. జీతగాని మెడకున్న బాకీ ఆ చట్టంతో రద్దయింది. ఆ మాట మా వాడకు రాలేదు. చట్టం వచ్చినాక గూడా మా నాయన తొమ్మిదేండ్లు చాకిరి చేసినాడు. నేను డిగ్రీలో చదివి చెప్తే, "అయితే ఆ తొమ్మిదేండ్లు ఎవురి బాకీకి చేసినట్టు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఒకనాటి రాత్రి తొమ్మిదికి వసూలోళ్లు ఇద్దరు మోటారుసైకిలు మీద వచ్చినారు. ట్రాక్టరు అప్పంట. ఆయన లేడు, మేము బాడుగోళ్లమంటే నమ్మలేదు. గోడమీద అంబేద్కర్ పటం చూసి, "మీరేమోళ్లు?" అన్నారు. చెప్పినాను. అంతవరకు 'సారూ' అన్న నోరు 'నువ్వు'కు దిగింది. "ఆయన యాడుండాడో చెప్పు, లేకుంటే నువ్వే కట్టాల" అన్నారు. ఇరుగుపొరుగు వాకిండ్లలోకి వచ్చినారు. అప్పు చేసింది ఆయన, తలకాయలు తిరిగింది మా ఇంటి పక్క. తెల్లారి ఇంటాయన, "వేరే ఇల్లు చూసుకోండి" అన్నాడు. కులం చెప్పి టౌనులో ఇల్లు సంపాదించేది ఎంత కష్టమో మనవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

నేను కాగితం తీసినాను. వచ్చిన కవర్లు విప్పకుండా, 'ఈ మనిషి ఇక్కడ లేరు, పంపినవారికే తిప్పి పంపండి' అని రాసి పోస్టుమ్యాన్ చేతికిచ్చినాను. బాడుగ కాగితం నకలు పెట్టి అప్పిచ్చినోళ్లకు రిజిస్టరు ఉత్తరం రాసినాను. బాకీ సంతకం పెట్టినోనిది, జామీను ఉన్నోనిది. ఇంటిది కాదు, ఆ ఇంట్లో తర్వాత చేరినోనిది కాదు. బెదిరించగూడదని, పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వసూలుకు ఫోన్లు చేయగూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. అదీ రాసినాను. ఉత్తరం నకలు ఇంటాయన చేతిలో గూడా పెట్టినాను. మళ్లీ ఖాళీ చేయమనలేదు.

తండ్రి అప్పు గూడా కొడుక్కు వచ్చేది తండ్రి ఆస్తి వచ్చినంత మేరకే. జేజినాయన మాకు ఇడిసిపోయింది ఒక ఆరె, ఒక రంపె. వాటికి మా నాయన బతుకంతా కట్టినాడు.

బడిలో ఉత్తరం పాఠం వస్తే సెలవు చీటీతో నేను ఆపను. నీది కాని బాకీ నీ ఇంటికొస్తే ఏమని రాయాల, ఎవరికి రాయాల, రసీదు ఎట్లా దాచుకోవాల - అదీ రాయిస్తాను. మా వాడ పిల్లోళ్లతో రెండుసార్లు రాయిస్తాను.