విన్న మాట – వ్రాసిన మాట

ఎన్నికలు వచ్చినవంటే మన ఊళ్ళలో మాటలకు కరవుండదు. మైకు ఒక మాట చెబుతుంది, కరపత్రం మరొక మాట చెబుతుంది, టీ అంగడి బల్ల మూడవ మాట చెబుతుంది. ఇన్ని మాటల నడుమ ఒక అభ్యర్థి భూమిని గూర్చి, అప్పును గూర్చి, పన్నును గూర్చి నిజంగా ఏమి తలుస్తున్నాడో తెలుసుకొనడం ఎట్లా? ఈ ప్రశ్నను మాకు వేసినవారు ఏ పండితుడూ కాదు, మా చాచా. దానికి మేము ఇచ్చిన జవాబు తప్పు. ఆ తప్పును విద్యార్థుల ముందు ఒప్పుకొనడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

2024 మే 13న మన రాష్ట్రంలో శాసనసభకు, లోక్‌సభకు ఒకేనాడు పోలింగు జరిగింది. అంతకు పదిహేను రోజుల ముందు మేము స్వగ్రామం వెళ్ళినాము. మా చాచా మూడెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేసే మనిషి. భూమి కాగితం యజమాని పేరిట, బ్యాంకు అప్పు యజమాని పేరిట, వడ్డీ వ్యాపారి వద్ద నోటు మాత్రం చాచా పేరిట. ఆ సాయంత్రం ఆయన అడిగినారు: "బేటా, చదువుకున్నవాడివి. మన ఎమ్మెల్యే మళ్ళీ నిలబడ్డాడు గదా, కౌలువాళ్ళ సంగతి ఆయన ఏమనుకుంటున్నాడో చెప్పు. దాన్నిబట్టి ఓటు వేస్తాను."

మేము క్షణమైనా ఆలోచించలేదు. "ఆయన పెద్ద ఆసామి, చాచా. భూమి ఉన్నవాడు కౌలువాడి పక్షం ఎందుకు మాట్లాడతాడు?" అన్నాము. ఆయనకు భూమి ఉన్నదన్న సంగతి ఊహ కాదు. నామినేషనుతో పాటు ఆయన దాఖలు చేసిన అఫిడవిట్టులో మేము కన్నులారా చూచినదే. కాగితం చూచినామన్న గర్వమే మా చేత ఆ మాట అనిపించింది. చాచా తల ఊపి ఊరుకున్నారు.

పోలింగు ముగిసిన పిమ్మట, వేసవి సెలవులలో, వేరొక పని మీద శాసనసభ చర్చలు తిరగవేస్తుండగా ఆ సభ్యుని పేరే కనిపించింది. కౌలుదార్ల అప్పుల విషయం మన రాష్ట్రంలో పాతదే. వారికి రుణ అర్హత కార్డులు ఇవ్వడానికి 2011లో ఒక చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందంపై యజమాని సంతకం కోరింది. సంతకం పెడితే భూమి చేయి జారుతుందేమోనని యజమాని భయం; సంతకం లేనిదే కార్డు రాదని కౌలుదారు దుఃఖం. మేము పెద్ద ఆసామి అని త్రోసివేసిన ఆ సభ్యుడు ఈ చిక్కునే మంత్రిగారి ముందుంచి, ఒకసారి కాదు, మూడుసార్లు ప్రశ్న అడిగి ఉన్నారు. ఆ పుటలు చదువుతున్నంతసేపూ మాకు చాచా ముఖమే గుర్తుకు వచ్చింది.

మేము చూచిన కాగితం అబద్ధం కాదు. అది చెప్పని మాటను దాని చేత చెప్పించడమే మా అపరాధం. 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఫలితంగా వచ్చిన ఈ అఫిడవిట్టు అభ్యర్థి ఆస్తులు, అప్పులు, ప్రభుత్వానికి బాకీలు, చదువు, కేసులు తెలుపుతుంది. ఇటీవలి నమూనాలో గడచిన ఐదేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులలో చూపిన ఆదాయం కూడ చేరింది. కలిమి ఎంతో అది చెప్పగలదు. మనసు ఎటో చెప్పలేదు.

మనసు తెలియాలంటే సభలోని నడత చూడాలి. అక్కడ కూడ ఒక మెలకువ కావాలి. బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి గనుక ఎవరు ఎటు నిలిచినదీ పేరు పేరున నమోదు కాదు. విభజన కోరి లెక్కించినప్పుడు సైతం, 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం తరువాత, సభ్యుడు సాధారణంగా పార్టీ విప్పునకు లోబడియే ఓటు వేస్తాడు. కాబట్టి ఓటు పార్టీది. ప్రశ్న మాత్రం చాలావరకు సభ్యుని సొంతం. ఏ విషయమై ఎన్నిసార్లు అడిగినాడో, బడ్జెటు చర్చలో ఏ పద్దు వద్ద నిలిచి మాట్లాడినాడో చూస్తే మనిషి కొంత తెలుస్తాడు. సభ మెట్లు ఎక్కని క్రొత్త అభ్యర్థి అయితే అతడు పనిచేసిన పంచాయతీ, పురపాలక సంఘం, సహకార సంఘం తీర్మానాలు ఉండనే ఉన్నవి. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు పెడితే సాధారణంగా ముప్పది రోజులలో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.

ఈ అభ్యాసాన్ని తరగతిలో చేయించదలచినాము. నేటి నాయకుని పేరు తీసుకొంటే తరగతి రెండు జెండాలుగా చీలుతుందని ఆచార్య ఎన్.జి. రంగాగారిని ఎన్నుకొన్నాము. మన విద్యార్థులకు ఆయన ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరు మాత్రమే. 1900లో నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి వచ్చిన ఆయన మొదట కాంగ్రెసు, 1951లో కృషికార్ లోక్ పార్టీ, మరల కాంగ్రెసు, 1959లో స్వతంత్ర పార్టీ, 1980లో గుంటూరు నుండి తిరిగి కాంగ్రెసు పక్షాన లోక్‌సభ సభ్యుడు. "స్థిరం లేని మనిషి, సార్" అని ఒక విద్యార్థి తేల్చివేసినాడు.

చర్చలు చదివి రమ్మన్నాము. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో మాట్లాడుతూ ఈ దేశపు అసలైన అల్పసంఖ్యాకులు పేద ప్రజలేనని రంగాగారు వాదించినారు. అల్పసంఖ్యాకుల కళాశాలలో ఆ మాట చదివితే ఊరకుంటారా? గంట మ్రోగినా వాదం ఆగలేదు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానించగా ఆయన ఎదిరించి, ఆ యేడే పార్టీ వీడినారు. 1964లో 17వ రాజ్యాంగ సవరణ రైతువారీ భూములను సైతం ఎస్టేటు అన్న మాట క్రిందికి తెచ్చినప్పుడు ప్రతిఘటించినారు. పార్టీలు మారినవి, సేద్యం చేసే రైతుకు తన నేలపై హక్కు నిలవాలన్న పట్టు మారలేదు. తొందరపడి తీర్పు చెప్పిన ఆ విద్యార్థియే పుస్తకం మూసి, "మరి తన పేరిట నేల లేకుండా దున్నేవాడి మాటేమిటి, సార్?" అని అడిగినాడు. అది మా చాచా ప్రశ్నయే. దానికి దస్త్రాలలో జవాబు వెదికే పని ఆ అబ్బాయికే అప్పగించినాము.

ఇక చాచా సంగతి. సెలవులు ముగియకముందే ఊరు వెళ్ళి ఉన్నదున్నట్లు చెప్పినాము. ఆయన కోపగించుకోలేదు. "నా ఓటు సంగతి సరే, బేటా. నీ మాట నమ్మి నేను నలుగురికి చెప్పానే, వాళ్ళకెవరు చెబుతారు?" అన్నారు.

ఆ నలుగురి ఇండ్లకూ మేమే వెళ్ళినాము. ఒకరు నవ్వినారు, ఒకరు ఇప్పుడు చెప్పి ఏమి లాభమన్నారు. ఆ మాటకు మా వద్ద జవాబు లేదు. విద్యార్థులారా, రేపు మీ ఇంటి పెద్దలు మిమ్మల్ని అడుగుతారు, చదువుకున్నవారని నమ్మి అడుగుతారు. ఒక్క కాగితం చూచి జవాబు చెప్పకండి. రెండవది కూడ చూచి వస్తామని చెప్పండి. ఆ ఒక్క రోజు ఆలస్యాన్ని వారు మన్నిస్తారు.